పరదేశపు తిరుగుబాటు - అధ్యక్షుని యాజ్ఞ

ఒక దేశపు ప్రజలు తమ నిరంకుశ ప్రభువుపై తిరుగబడుదురు. ఆ ప్రభువు తన సేనలను వారిపైకి పురికొల్పును. ఆ వార్తలు చదివి, ఆ చిత్రములు చూచి, దూరదేశములందలి మంచివారు కంటనీరు పెట్టుకొందురు. అంతట బలవంతమైన యొక దేశపు అధ్యక్షుని చుట్టు మూగి, "మీకు విమానములున్నవి, యుద్ధనౌకలున్నవి; చూచుచు నూరకుండుట పాపము కాదా?" అని యడుగువారు బయలుదేరుదురు. ఆ యధ్యక్షుడు తన సేనలను ఆ తిరుగుబాటులోనికి దింపవలెనా, దింపరాదా? ఇది యూహామాత్రమైన ప్రశ్నము కాదు. 2011వ సంవత్సరమున లిబియా విషయమై అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా యెదుట నిలిచిన ప్రశ్నమిదియే. దింపవలెననియే ఆయన నిర్ణయించెను.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుదుము. దింపరాదు. ప్రజల ప్రతినిధులు ముందుగా సభ తీర్చి, తర్కించి యొప్పుకొననిదే, చేయబోవు పనికి హద్దు గీయనిదే, పని ముగిసిన మఱునాటి భారమును మోయుటకు పూనుకొననిదే, ఏ యధ్యక్షుడును పరదేశపు తిరుగుబాటులోనికి సేనను దింపరాదు. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను, ఆ యాజ్ఞ దయవలన పుట్టినదైనను, దాని ఫలము కీడే యగును. లిబియాలో మూడును లోపించినవి. అందువలననే ఆ దృష్టాంతమును ఇచ్చట విప్పి చెప్పుచున్నాము.

"ఎక్కడి లిబియా, ఎక్కడి మన యిండ్లు? ఈ చర్చతో మనకేమి పని?" అని చదువరులు కొందఱడుగవచ్చును. పని కలదు. ఆ తిరుగుబాటు పుట్టిన నాటికి సుమారు 18,000 మంది భారతీయులు లిబియాలో బ్రదుకుతెరువు చూచుకొనుచుండిరి. వారిలో తెలుగువారును కలరు. 15,000 మందికి పైగా ఓడలమీదను విమానములమీదను మన ప్రభుత్వము స్వదేశమునకు చేర్చెను. అదియునుగాక, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో లిబియాపై ఓటు జరిగినప్పుడు మన దేశము ఆ మండలిలో సభ్యత్వము కలిగియుండెను. అన్నిటికంటె ముఖ్యమైన కారణము వేఱొకటి. ఇంటిలో యజమాని యొక్కని మాటయే శాసనమను ఆచారము తప్పని నమ్మిన గృహస్థులు, లోకములో నొక్కని మాటమీద బాంబులు కురియుటను మాత్రము మెచ్చుకొనుట యెట్లు?

గడాఫీని మేము వెనుక వేసికొని వచ్చుట లేదు. 1969 సెప్టెంబరు 1న సైనికబలముతో రాజును తొలగించి గద్దె నెక్కిన ఆ మనుష్యుడు 42 సంవత్సరములు లిబియాను సొంత జాగీరువలె నేలెను. రాజకీయ పక్షము స్థాపించుట నేరము. స్వేచ్ఛగా వ్రాయు పత్రిక లేదు. 1996లో ట్రిపోలీ నగరమందలి అబూ సలీము చెఱసాలలో వందలకొలది ఖైదీలను కాల్చి చంపిరి. చచ్చినవారి తల్లులకు, భార్యలకు ఆ సంగతి యేండ్ల తరబడి చెప్పనైన లేదు. వారు బెంఘాజీ వీధులలో నిలిచి, తమవారేమైరని యడుగుచుండిరి. వారి పక్షమున వాదించుచున్న న్యాయవాదిని 2011 ఫిబ్రవరి 15న నిర్బంధించుటతో మంట రాజుకొన్నది. అట్టి ప్రజలు తిరుగబడుట న్యాయము. ఆ విషయమున మాకు సందేహము లేదు. తిరుగుబాటు న్యాయమైనదా యనునది ఒక ప్రశ్నము. దానిలోనికి పరదేశపు సేన దిగవచ్చునా యనునది మఱియొక ప్రశ్నము. మొదటిదానికి ఔనని చెప్పినంత మాత్రమున రెండవదానికిని ఔనని చెప్పినట్లు కాదు. ఈ రెండింటిని కలగలుపుటయే అనర్థమునకు మూలము.

సైనిక జోక్యమును కోరినవారి వాదమును తేలికగా తీసివేయుట న్యాయము కాదు. దాని బలమంతయు చెప్పియే దానికి బదులు చెప్పవలెను. ఫిబ్రవరి 26న భద్రతా మండలి యేకగ్రీవముగా గడాఫీ ప్రభుత్వమునకు ఆయుధముల నమ్మకమును నిషేధించి, లిబియా వ్యవహారమును అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానమునకు నివేదించెను. గడాఫీ వినలేదు. మార్చి 12న అరబ్బు దేశముల కూటమియే లిబియా ఆకాశమున యుద్ధవిమానములు తిరుగకుండ నిషేధింపుడని కోరెను. ఇల్లిల్లు వెదకి తిరుగుబాటుదారులను ఏరివేయుదునని గడాఫీ బహిరంగముగా గర్జించియుండెను. ఆయన సేనలు బెంఘాజీ ముంగిటికి వచ్చినవి. ఆ పట్టణమున లక్షలమంది కాపురమున్నారు. "రేపు వారందఱు హతులైన పిమ్మట మీ సభలు, మీ చర్చలు ఎవరికి కావలెను? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొందురా?" ఇది వారి వాదము. ఇది మనస్సును తాకునట్టి వాదమే. కాని మనస్సును తాకిన వాదమెల్ల బుద్ధికి నిలుచునది కాదు.

మొదటి ప్రశ్నము: ఆజ్ఞ నిచ్చుట కధికారమెవరిది? అమెరికా రాజ్యాంగము యుద్ధమును ప్రకటించు నధికారమును ఆ దేశపు శాసనసభయైన కాంగ్రెసునకే యిచ్చినది. అధ్యక్షుడు సేనాధిపతి, కాని యుద్ధమునకు పోవలెనా యని నిర్ణయింపవలసినది కాంగ్రెసు. వియత్నాము యుద్ధమువలన బుద్ధి తెచ్చుకొని, 1973వ సంవత్సరమున అధ్యక్షుడు నిక్సన్ నిరాకరణమును కూడ త్రోసిపుచ్చి, కాంగ్రెసు మఱియొక చట్టమును చేసినది. అధ్యక్షుడు సేనను యుద్ధరంగమున దింపినచో 48 గంటలలో కాంగ్రెసునకు తెలుపవలెను. అనుమతి దొరకనిచో 60 దినములలో పని విరమింపవలెను. దేశముమీదికి ఆపద వచ్చి పడుచున్నప్పుడు తప్ప, అధ్యక్షుడు తనంతతాను సైనికదాడికి ఆజ్ఞ నిచ్చుటకు రాజ్యాంగము ననుసరించి యధికారము లేదని 2007లో సెనేటరుగా నున్నప్పుడు ఒబామాయే ఒక పత్రికకు చెప్పియుండెను. ఆయన రాజ్యాంగశాస్త్రమును బోధించిన పండితుడు కూడ.

అట్టి యాయన 2011 మార్చి 19న బ్రెజిలు దేశ పర్యటనలో నుండియే లిబియాపై దాడికి ఆజ్ఞ నిచ్చెను. ముందునాడు కొందఱు శాసనసభా నాయకులను పిలిపించి సంగతి చెప్పుట జరిగినది. చెప్పుట వేఱు, అడుగుట వేఱు. పెండ్లి నిశ్చయించిన పిమ్మట పిల్లకు చెప్పుట, నిశ్చయింపక ముందు ఆమె నడుగుట యొక్కటియేనా? మే 20 నాటికి 60 దినములు నిండినవి. పని విరమింపబడలేదు. కారణమేమని యడుగగా, ప్రభుత్వము వారు విచిత్రమైన భాష్యము చెప్పిరి. అమెరికా సైనికులు నేలమీద దిగలేదు, వారికి ప్రాణాపాయము లేదు, కావున నిది చట్టమున చెప్పిన "యుద్ధచర్య" కానే కాదట! బాంబు వేయువానికి ప్రాణభయము లేనిచో అది యుద్ధము కాదు; బాంబు పడినవాని ప్రాణము లెక్కలోనికి రాదు. ఇట్టి యర్థమును మన పల్లెటూరి కరణము చెప్పినను రైతులు నవ్విపోదురు.

జూన్ 24న అమెరికా ప్రతినిధి సభలో జరిగినది యింకను విచారకరము. ఈ యుద్ధమునకు అనుమతి నిచ్చు తీర్మానము 123 ఓట్లు అనుకూలముగను 295 ఓట్లు ప్రతికూలముగను వచ్చి వీగిపోయెను. ఆ దినముననే యుద్ధమునకు ధనమును పరిమితము చేయు తీర్మానమును 180కి 238 ఓట్లతో వీగిపోయెను. అనగా ప్రజల సభ ఔననను లేదు, ఆపను లేదు. బాంబులు మాత్రము పడుచునే యున్నవి. ముందు పని చేసి వెనుక సభ నడుగుటవలని ఫలమిది. సైనికులు రంగమున నుండగా వారిని నడుమ విడిచిరన్న నింద నెత్తిన వేసికొనుటకు ఏ సభయు సాహసింపదు. "ఇంగ్లండులో పార్లమెంటు 557కి 13 ఓట్లతో ఒప్పుకొన్నది కదా?" అని యెవరైన నడుగవచ్చును. నిజమే. కాని ఆ యోటు మార్చి 21న జరిగినది. బాంబులు పడ మొదలిడినది మార్చి 19న. తాళి కట్టిన తరువాత ముహూర్తమును గూర్చి చేయు చర్చ అది. సభ పెద్దదైనంత మాత్రమున చాలదు. ఆ సభ ముందు కూర్చుండవలెను.

రెండవ ప్రశ్నము: ఏమి చేయుటకు పోయిరి, ఏమి చేసి వచ్చిరి? మార్చి 17న భద్రతా మండలి 1973వ సంఖ్యగల తీర్మానమును చేసినది. 10 దేశములు అనుకూలముగా ఓటు వేసినవి; ఎదిరించి వేసినవారు లేరు; భారతదేశము, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిలు తటస్థముగా నిలిచినవి. ప్రజలను కాపాడుటకు అవసరమైన చర్యలన్నియు తీసికొనవచ్చునని, విదేశసేనలు ఆ నేలను ఆక్రమింపరాదని తీర్మానము చెప్పినది. ప్రభువును తొలగింపవచ్చునని యందులో నొక్క మాట లేదు. నిజానిజములు విచారించుటకు పంపిన రాయబారి నివేదిక యింకను మండలికి చేరలేదు. చేరకమునుపే యీ తొందర యేల యని మన ప్రతినిధి యడిగిరి. ఆ మాటను పిఱికితనమని కొందఱు పరిహసించిరి. తరువాతి చరిత్ర మాత్రము ఆ మాటకే సాక్ష్యము పలికినది.

బలముతో ప్రభుత్వమును మార్చుటకు పూనుకొనుట పొరపాటగునని, ఇరాకులో ఆ మార్గమున పోయి యేమి యనుభవించితిమో తెలియునని మార్చి 28న ఒబామాయే తన ప్రజలతో చెప్పెను. మూడు వారములైన కాకమునుపే, ఏప్రిలు నడుమ, ఇంగ్లండు ప్రధాని కామెరాన్, ఫ్రాన్సు అధ్యక్షుడు సర్కోజీ, ఒబామా ముగ్గురును కలిసి పత్రికలలో నొక వ్యాసము ప్రకటించిరి. గడాఫీ గద్దెమీద నుండగా లిబియాకు భవిష్యత్తు లేదని దాని తాత్పర్యము. ప్రజల రక్షణమని బయలుదేరిన బండి ప్రభువు తొలగింపువైపు మలుపు తిరిగినది. ఆ మలుపునకు ఏ సభ యొప్పుకొన్నది? ఏ తీర్మానము సెలవిచ్చినది? హద్దు గీయని పనికి హద్దు మీఱుట సహజము.

నడుమ రాయబారపు మాట వచ్చినది. యుద్ధము తప్పదని తెలిసియు శ్రీకృష్ణుని రాయబారమునకు పంపిన ధర్మరాజు కథను వినుచు పెరిగినవారము మనము. ఆఫ్రికా దేశముల సమాఖ్య సంధిమార్గమొకటి సిద్ధపఱచి, మార్చి 20న తన రాయబారులను లిబియాకు పంపదలచినది. ముందునాడే బాంబుల వాన మొదలగుటచేత వారికి పోవుటకు వీలు లేకపోయెను. ఏప్రిలు 10న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమా మొదలగువారు వెళ్లిరి. గడాఫీ ఆ ప్రతిపాదనము నంగీకరించినట్లు వారు చెప్పిరి. గడాఫీ తొలగుట యందు లేదు గనుక బెంఘాజీ నాయకులు నిరాకరించిరి. గడాఫీ మాట నమ్మదగినది కాదనవచ్చును. కాని ఆకాశమంతయు తమ పక్షమున నున్నదని తెలిసినవారు సంధికేల యొప్పుకొందురు? పరుల బలము వచ్చి చేరినప్పుడు బలహీనుడు కూడ రాజీ మాట మఱచిపోవును. ప్రాణములు కాపాడ వచ్చిన విమానములే ప్రాణములు తీయు కలహమును నెలల తరబడి సాగనిచ్చినవి.

అక్టోబరు 20న సిర్తే పట్టణమునుండి పాఱిపోవుచున్న బండ్ల వరుసపై నాటో విమానములు బాంబులు వేసినవి. పిమ్మట తిరుగుబాటుదారుల చేత చిక్కిన గడాఫీని వారు చంపిరి. అతనిని పట్టి తెండని అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానము జూన్ 27ననే వారంటు నిచ్చియుండెను. చెఱసాలలో చచ్చినవారి తల్లులు అడిగినది విచారణ. ఆ విచారణ జరుగనే లేదు. చెప్పవలసినవాడు చచ్చెను, చెప్పవలసిన సత్యము వానితోనే పోయెను.

మూడవ ప్రశ్నము: మఱునాటి సంగతి యేమి? అభిమన్యుడు పద్మవ్యూహమును చొచ్చుట నేర్చెను, వెడలుట నేర్వలేదు. వెడలుట నేర్వని యా బాలుడు తన ప్రాణమునే కోల్పోయెను. ఈ కాలపు వీరులు చొచ్చుటయు, వెడలుటయు రెండును నేర్చినారు. వ్యూహమున చిక్కుకొని ప్రాణములు కోల్పోవువారు మాత్రము ఆ దేశపు ప్రజలు. 2011 అక్టోబరు 31న నాటో తన కార్యము ముగిసినదని ప్రకటించి వెడలిపోయెను. లిబియా జనులు సుమారు 60 లక్షలు. వారి చేతులలో మిగిలినవి లెక్కలేని తుపాకులు, ఊరూరను వెలసిన సాయుధముఠాలు.

2012 జూలైలో ఎన్నికలు జరిగినవి. ప్రజలు ఉత్సాహముతో ఓటు వేసిరి. కాని ఆయుధములు ధరించిన ముఠాల యెదుట ఓటునకు విలువ నిలువలేదు. 2012 సెప్టెంబరు 11న, ఏ బెంఘాజీని కాపాడితిమని చెప్పుకొనిరో ఆ బెంఘాజీలోనే అమెరికా రాయబారి స్టీవెన్సును, మఱి ముగ్గురు అమెరికనులను చంపిరి. 2014లో దేశము రెండు ప్రభుత్వములుగా చీలినది. 2019 ఏప్రిలులో హఫ్తర్ అను సేనాని ట్రిపోలీపై దండెత్తెను. ఒక పక్షమునకు టర్కీ, మఱియొక పక్షమునకు రష్యా, ఈజిప్టు, ఎమిరేట్లు తోడు వచ్చినవి. 2020 అక్టోబరులో గాని యుద్ధవిరమణ కుదురలేదు. ఒక పరదేశము తలుపు పగులగొట్టి లోనికి పోయినచో తక్కినవారికి ఆ తలుపు తెఱచియే యుండును. 2021 డిసెంబరు 24న జరుగవలసిన అధ్యక్షుని యెన్నిక జరుగలేదు. గడాఫీ ఆయుధశాలలనుండి తరలిపోయిన తుపాకులు, ఆయన సేనలో పనిచేసి మరలిన టువారెగ్ జాతివారు మాలీకి చేరగా, 2012లో ఆ దేశమును అల్లకల్లోలమయ్యెను. 2013 జనవరిలో ఫ్రాన్సు అచ్చటికిని సేనను పంపవలసి వచ్చెను. ఒక యింటి నిప్పు నార్పబోయి రెండవ యింటికి నిప్పు పంపినట్లయినది.

సిర్తే మాటయే మఱల చెప్పవలెను. 2015లో ఆ పట్టణము ఐసిస్ ముఠా వశమాయెను. అక్కడి విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పుకొని బ్రదుకుచున్న భారతీయ అధ్యాపకులు నలుగురు ఆ జూలైలో అపహరింపబడిరి. ఇద్దఱు త్వరలోనే విడుదలైరి. తక్కిన యిద్దఱు తెలుగువారు; వారు 2016 సెప్టెంబరులో గాని విడుదల కాలేదు. ఏడాదికి పైగా వారి భార్యాబిడ్డలు ఇక్కడ మన నడుమనే, టెలిఫోను మ్రోగినప్పుడెల్ల గుండె చేత పట్టుకొని కాలము గడపిరి. దూరదేశపు అధ్యక్షుని యాజ్ఞకును మన యింటి గడపకును సంబంధము లేదనువారు ఆ రెండు కుటుంబములను తలచుకొందురు గాక. ఆ ముఠాను తొలగించుటకు 2016 ఆగస్టులో అమెరికా విమానములు మఱల సిర్తేమీద బాంబులు వేసినవి. ఆజ్ఞ నిచ్చిన యధ్యక్షుడును ఆయనయే.

2023 సెప్టెంబరులో తుపాను వచ్చినప్పుడు డెర్నా పట్టణమునకు ఎగువనున్న రెండు ఆనకట్టలు తెగి వేలమంది కొట్టుకొనిపోయిరి. ఆ కట్టల బలహీనత గడాఫీ కాలముననే తెలిసినది. మరమ్మతు పని 2011 కల్లోలములో నిలిచిపోయెను. తరువాత దానిని పూర్తిచేయించు ప్రభుత్వమే ఆ దేశమునకు లేకపోయెను. చెఱువుకట్టను ఏటేట చూచుకొను వాడొకడు ఊరికి కావలెనని తెలుగు రైతునకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. చెడ్డ ప్రభువును తొలగించుట కొన్ని నెలల పని. కట్టను కాచు ప్రభుత్వమును నిలుపుట తరముల పని. మొదటిదానికి సిద్ధమై రెండవదానికి సిద్ధము కానివాడు మొదటిదానికిని పూనుకొనరాదు.

"లిబియనులే విదేశసేన వద్దనిరి, మేమేమి చేయుదుము?" అని జోక్యవాదులు తప్పించుకొందురు. వద్దనిన మాట నిజమే. ఆ మాట ముందుగనే తెలిసినది కదా? కట్టుటకు తమకు సెలవు లేని యింటిని కూల్చుటకు ఎట్లు పూనుకొనిరి? లిబియాలో మఱునాటికి తగిన యేర్పాటు చేయకపోవుటయే తన పాలనలోని పెద్ద తప్పు కావచ్చునని 2016 ఏప్రిలులో ఒబామా యొప్పుకొనెను. దిగుట మాత్రము సరియైనదేనని అప్పటికిని చెప్పెను. మాకు ఈ రెండు మాటలు పొసగవు. మఱునాటి తలంపు లేని దయ సగము దయ. ఆ సగము దయ బాంబుల రూపమున వచ్చినచో పూర్తి క్రౌర్యము. ప్రజలకు వాటిల్లిన యపాయము అతిశయోక్తిగా చెప్పబడినదని, రక్షణకార్యము ప్రభుత్వమార్పిడిగా జాఱిపోయినదని 2016 సెప్టెంబరులో ఇంగ్లండు పార్లమెంటు సంఘమొకటి నిర్ణయించెను. ఆ విచారణ అయిదేండ్లు ముందు జరిగియుండవలసినది.

ఇంక రెండు ఎదురుమాటలకు బదులు చెప్పవలెను. మొదటిది రువాండా. 1994లో నూఱు దినములలో సుమారు 8 లక్షలమందిని అచ్చట ఊచకోత కోసిరి, లోకము చూచుచుండెను. "మీ మాట వినినచో రువాండాలు మఱల జరుగవా?" అని యడుగుదురు. రువాండా మానవజాతికి తీరని మచ్చ. కాని అక్కడ జరిగినదేమి? తిరుగుబాటులో నొక పక్షమును గెలిపించుట కాదు అచ్చట కావలసినది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన సుమారు 2,500 మంది ఆ దేశముననే యుండిరి. హత్యలు కన్నుల యెదుట జరుగుచుండగా, ఏప్రిలు 21న భద్రతా మండలి ఆ సంఖ్యను 270కి తగ్గించినది. సమస్త దేశముల అనుమతితో ముందే నిలిచిన కావలివారిని పారద్రోలుట రువాండా పాపము; ఒక్క అధ్యక్షుని యాజ్ఞ లేకపోవుట కాదు. ఆ పాపమునకు ప్రాయశ్చిత్తము లిబియాలో చేయబోవుట ఒక రోగికి ఈయని మందును మఱియొక రోగి గొంతులో పోసినట్లున్నది.

రెండవది మన సొంత చరిత్ర. "1971లో భారతదేశము తూర్పు బంగాళమున దిగలేదా?" దిగినది. మా మూడు ప్రశ్నములను అచ్చటను వేసి చూడుడు. 1970 డిసెంబరు ఎన్నికలలో ఆ ప్రాంతపు 162 సామాన్య స్థానములలో 160 స్థానములను అవామీ లీగు గెలిచియుండెను. కావున రేపటి ప్రభుత్వమేదియో ఓటు పెట్టెయే చెప్పినది. 1971 మార్చి 31ననే మన పార్లమెంటు తూర్పు బంగాళ ప్రజలపట్ల సానుభూతి తెలుపుచు ఏకగ్రీవ తీర్మానము చేసినది. కోటిమందికి చేరువైన శరణార్థులు మన నేలమీదికి వచ్చి పడిరి. ముక్తివాహినికి మన ప్రభుత్వము తోడ్పడుచున్నను, నెలల తరబడి లోకపు రాజధానులన్నిటి తలుపులు తట్టినది. డిసెంబరు 3న పాకిస్తాను విమానములు మన విమానస్థావరములపై బాంబులు వేసిన తరువాతనే యుద్ధము బాహాటమైనది. డిసెంబరు 16న పాకిస్తాను సేన లొంగిపోయెను. 1972 మార్చిలో మన సేన తిరిగి వచ్చెను. ఆ యుద్ధమున దోషములే లేవని మేమనము. కాని అది ఒక్కని నోటి మాటమీద, హద్దు లేక, వారసుడు లేక జరిగినది కాదు. ఆ దృష్టాంతము మా వాదమునే బలపఱచుచున్నది.

పరులకు నీతులు చెప్పి మన యింటి మాట దాచుట మా పద్ధతి కాదు. 1987 జూలై 29న కొలంబోలో ఒడంబడిక జరిగినది. మఱునాడే మన సేన శ్రీలంకలో దిగినది. పార్లమెంటు ముందుగా కూర్చుండి తర్కించి ఓటు వేయలేదు. తమిళులను కాపాడ పోయిన సేన నెలలలోనే తమిళ తిరుగుబాటుదారులతో యుద్ధము చేయవలసి వచ్చెను. 1990 మార్చిలో తిరిగి వచ్చునాటికి సుమారు 1,200 మంది మన సైనికులు చనిపోయిరి. వారి తల్లులకు, భార్యలకు ఆ యుద్ధమెందులకో విడమఱచి చెప్పగలవారు నేటికిని లేరు. మన రాజ్యాంగమున సేనాధిపత్యము రాష్ట్రపతిదే యైనను నిర్ణయము మంత్రివర్గముదే. పరదేశమునకు సేనను పంపుటకు ముందు పార్లమెంటు ఓటు తీసికొని తీరవలెనను నియమము మాత్రము అందులేదు. ఈ లోపమును మనమే దిద్దుకొనవలెను.

"అట్లయిన బాధితులను చూచి చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా?" కూర్చుండరాదు. పాఱి వచ్చినవారికి తలుపు తెఱువుడు. క్షతగాత్రులకు మందు పంపుడు. హంతకునకు ఆయుధములమ్మిన వర్తకుని చేయి పట్టుకొనుడు. వాని ధనమును బ్యాంకులలో నిలుపుడు. న్యాయస్థానమున వానిమీద నేరము మోపుడు. రాయబారులను పంపుడు, మఱల పంపుడు. 2011లో బెంఘాజీకై కన్నీరు కార్చిన దేశములే, ఆ తరువాత లిబియా తీరమునుండి పడవలలో వచ్చిన దీనులకు రేవులు మూయజూచినవి. బాంబు వేయుటకు వచ్చిన దయ పడవను నిలుపుటకు రాలేదు.

మఱియొక పాపమును కూడ చెప్పవలెను. దిగకయే దిగుదుమన్న యాశ పెట్టుట. 1956 అక్టోబరులో హంగేరీ ప్రజలు లేచినప్పుడు, అమెరికా ధనముతో నడచిన రేడియో వారిని ప్రోత్సహించెను. నవంబరు 4న సోవియటు టాంకులు వచ్చినప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సేనను పంపలేదు. పంపకుండుట వివేకమే, పంపినచో అణుయుద్ధము సంభవించెడిది. ఆశ పెట్టుటయే నేరము. సుమారు 2,500 మంది హంగేరియనులు చచ్చిరి. 2 లక్షలమంది దేశము విడిచిరి. 1991 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బుష్ ఇరాకు ప్రజలను సద్దామును తొలగించుకొనుడని బహిరంగముగా పిలిచెను. మార్చిలో వారు లేచిరి. సద్దాము వేలకొలదిగా వారిని చంపుచుండగా ఆ పిలిచిన గొంతు పలుకలేదు. సేన పంపననువాడు ఆ మాటను ముందే స్పష్టముగా చెప్పవలెను. ఇతరుల బిడ్డల ప్రాణములను పణముగా పెట్టి ఉపన్యాసము చెప్పుటకు ఏ యధ్యక్షునకును హక్కు లేదు.

కావున చదువరులకు మా విన్నపమిది. రేపు మఱియొక దేశమున ప్రజలు లేతురు. మఱియొక అధ్యక్షుని చుట్టు జనులు మూగుదురు. పత్రికలు ఉద్రేకముతో నిండును. అప్పుడు కన్నీటిని తుడుచుకొనుడు, కాని బుద్ధిని దానితో తుడిచివేయకుడు. ప్రజాప్రతినిధులు ముందుగా ఓటు వేసిరా? పనికి హద్దెక్కడ? మఱునాటి భారమెవరిది? ఈ మూడింటికి బదులు దొరకనంతవరకు, ఆజ్ఞ నిచ్చువాడు ఎంత మంచివాడైనను, ఎంత చదివినవాడైనను, ఒప్పుకొనకుడు. మీరు ఓటు వేసి పంపిన పార్లమెంటు సభ్యునకు ఉత్తరము వ్రాయుడు: మన సైనికుని పరదేశమునకు పంపుటకు ముందు సభలో చర్చయు ఓటును జరిగి తీరవలెనని చట్టము కావలెనని యడుగుడు. యుద్ధము లేనప్పుడే ఆ చట్టమును చేసికొనవలెను. యుద్ధము వచ్చిన తరువాత దానిని గూర్చి మాటలాడిన వానిని దేశద్రోహి యందురు.